సెట్టులో చెప్పిన చోటు

ఏంది జడ్సనూ, ఆ కొత్త వైర్‌లెస్ సెట్టును అట్ట తిప్పి తిప్పి చూస్తా ఉండావు? ఒడ్డు నించి రెండు గంటలు లోపలికి పోతే సెల్లు చచ్చిపోతది, ఇదైతే మాట్లాడతది అంటావు, అంతేగా. మాట్లాడతదిలే. మాట్లాడే మనిషి నిజం చెప్పాల గదబ్బా. ఇట్ట కూర్చో. మా వదిన చెంచులక్ష్మి సంగతి నీకెవరూ చెప్పలేదా? మా పెంచలయ్యన్న పెళ్లాం. పోయి పదిహేనేళ్లు దాటింది. మా పాళెంలో మొదట వైర్‌లెస్ సెట్టు పెట్టింది వాళ్లింట్లోనే. పొయ్యి మీద కూర ఉడకతా ఉంటే, ఈమె సెట్టు ముందర కూర్చొని సముద్రంలో ఉండే పడవలన్నిటినీ గదమాయించేది, యాడుండారు, ఎప్పుడొస్తారు అని.

అయితే మనోళ్ల బుద్ధి నీకు తెలిసిందే. సెట్టులో ఒకడు మాట్లాడితే అందరికీ ఇనపడతది. చేప పడే చోటు చెప్పినామా, తెల్లారేతలికి ఇరవై పడవలు ఆడే ఉంటాయి. అందుకని ఉత్తరాన ఉంటే దక్షిణం అంటాం. నేనూ అన్నా, మీ నాయనా అన్నాడు. మా అన్న అయితే అందులో ఆరితేరినోడు. రామయపట్నం ఎదురుగా నీళ్లల్లో మునిగిన రాళ్లగుట్ట ఒకటుంది, మా నాయన కనిపెట్టిన చోటు, మా ఇంటి కూడంతా దాన్నించే. అది వదినకు ఒక్కదానికే చెప్పి, ఎవరికన్నా చెప్తే నా మీద ఒట్టే అని తల మీద చెయ్యి పెట్టించుకున్నాడు.

ఒకనాడు మా అన్నతో నేనూ ఆ గుట్ట కాడే పడవలో ఉండా. మధ్యాన్నం ఇంజను ఆగిపోయింది. తుఫాను వస్తా ఉంది, అందరూ తిరుక్కోండని సెట్టులో ఒకటే చెప్తా ఉండారు. మా అన్న చూడు, అప్పుడు కూడా కృష్ణపట్నం ఎదురుగా ఉండాం, ఇంజను బాగు చేసుకొని వస్తాం అన్నాడు. నిజం చెప్పన్నా అంటే నోర్ముయ్ అన్నాడు నన్ను. ఇంకో గంటకు బ్యాటరీ దిగిపోయింది. ఇంక నిజం చెప్దామన్నా దారి లేదు. ఒడ్డున జరిగింది తర్వాత మీ అవ్వ మగ్దలీనమ్మ చెప్తే ఇన్నా, ఆమె పక్కనే ఉండింది. మమ్మల్ని ఎతకను ఆరు పడవలు దక్షిణానికి మళ్లినాయి. వదిన సెట్టు ముందరే కూర్చోనుందంట. చెప్తే ఒట్టు తప్పినట్టు, మొగుడి ప్రాణానికి ముప్పు. చెప్పకపోతే తుఫాను. ఆఖరికి మైకు తీసుకొని, "అబ్బయలారా, మా ఆయన అబద్ధం చెప్పినాడు. రామయపట్నం ఎదురుగా ఉండాడు. ఒట్టు తీసి గట్టున పెట్టినా, పోండి" అనింది. ఒకసారి గాదు. ఆరు పడవలూ మళ్లినాం అనిందాకా, గొంతు పూడుకుపోయినా చెప్తానే ఉండింది. దీపాలు పెట్టే యేళకు వాళ్లు ఇసిరిన మోకు మా చేతికి అందింది.

ఒడ్డెక్కినాక మా అన్న ఏమన్నాడో తెలుసా? నాయన చోటు ఊరందరి పాలు చేసినావు గదే అన్నాడు. దానికామె, "చోటు పోతే ఇంకోటి ఎతుక్కుంటావు. నువ్వు పోతే నేను యాడ ఎతుక్కునేది?" అనింది. నెల తిరిగేతలికి ఆ గుట్ట కాడ చేప తోక కూడా మిగల్లేదులే. కొత్త చోటు కోసం మూడేళ్లు తిరిగినాం.

తర్వాత ఆమె జబ్బు చేసి పోయింది. సెట్టు ముందర కూర్చునే మనిషే లేదు. అయినా మా అన్న బతికినన్నాళ్లూ పొద్దున్నే వల ఏసినాక మైకు తీసి, "ఏమే, ఈడుండా. ఇసకపల్లి ఎదురుగా, పద్నాలుగు బారల లోతు" అనేవాడు. నిజమే చెప్పేవాడు, నేను పక్కనే ఉంటా గదా. చేప బాగా పడే చోటు. అన్ని పడవలోళ్లూ ఇనేవాళ్లు. ఒక్కడంటే ఒక్కడు ఆ పక్కకు వచ్చేవాడు గాదు...

ఆ వల నీడలో పడింది చూడు, ఎండలోకి లాగు.