డబ్బాలో రెండేళ్ళ సీలర్

వాకిట్లో భర్త, చేతిలో స్ప్రే పంపు, మొహానికి మాస్కు. గుమ్మంలో భార్య, నవ్వు ఆపుకుంటూ.

“...అందుకే సీలర్లో మెరిసే రకం వద్దన్నాను. అది పైపైన పొరలా అంటుకుంటుంది, నాలుగు ఎండలు తగిలితే లేచిపోతుంది. ఇదలా కాదు, కాంక్రీటు లోపలికి ఇంకిపోతుంది, ఆ తర్వాత నీటిచుక్కని లోపలికి దిగనివ్వదు. వేసినట్టు పైకి ఏమీ కనబడదు.”

“మీరు చేసే ఇంటిపనిలాగా.”

“అను, అను. ఈ పూటతో సరి. ఇవాళ ఈ గచ్చు పూర్తిచేస్తే నన్ను ‘రేపు గారు’ అనడం మానేస్తానన్నావు.”

“అన్నాను. వీధిలో వాళ్ళని ఎవరు మాన్పిస్తారు?”

“నేర్పినవాళ్ళే మాన్పించాలి! మొన్న పోస్ట్‌మ్యాన్ కూడా ‘రేపు గారిల్లు ఇదేనా’ అన్నాడు. అవునండీ అని సంతకం పెట్టాను.”

“ముందు కాసిని నీళ్ళు పోసి చూశారా? నీళ్ళు ఇంకితేనే సీలర్ వెయ్యమన్నాడుగా షాపతను.”

“అన్నాడు, అన్నాడు. ఈ డబ్బా కొన్నరోజే అన్నాడు. రెండేళ్ళయింది.”

“చూశారా, లేదా?”

“ఇవన్నీ చూస్తూ కూర్చుంటే ఇవాళ అవుతుందా? ఊడ్చాను, రెండ్రోజులు ఆరబెట్టాను...”

“ఊడ్చింది నేను. ఆరబెట్టింది ఎండ.”

“దగ్గరుండి చూసింది నేనేగా! అదిసరే... ఏమోయ్, ఇది ఇంకడం లేదే.”

“ఏది?”

“సీలరే. గంటనుంచి కొడుతున్నాను. ఎక్కడి బొట్టు అక్కడే కూర్చుంది. లోపలికి పోనంటోంది.”

“అయ్యయ్యో.”

“నువ్వు అయ్యయ్యో అన్న తీరు బాగాలేదు. నకిలీది అంటగట్టాడు వాడు! ఇప్పుడే ఫోన్ చేసి దులిపేస్తాను.”

“ఆగండి, ఆగండి. వాసనొస్తోందా?”

“మాస్కుంటే ఏం వాసనొస్తుంది?”

“తీసి చూడండి.”

“...ఏ వాసనా లేదు. నీళ్ళలా ఉంది.”

“నీళ్ళే.”

“ఏమిటీ?”

“మీరు డబ్బా కొన్న నెలకి మీ అక్కగారింటికి వెళ్ళారు చూడండి, అప్పుడే వేసేశాను. ఖాళీ డబ్బా చూసి చిన్నబుచ్చుకుంటారని నీళ్ళు నింపి మూత బిగించాను.”

“అంటే గంటనుంచీ నేను...”

“నీళ్ళు చల్లారు. చక్కగా చల్లారు, మూలలు కూడా వదల్లేదు.”

“కొన్నరోజు షాపువాడికి అంతసేపు పాఠం చెప్పొచ్చాను నేను! సీలర్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా వెయ్యాలో. వాడు బుద్ధిగా తలూపాడు కూడా.”

“పాపం.”

“పాపం వాడా, నేనా? అదిసరేనోయ్, పని అయిపోయాక కూడా ‘ఎప్పుడు వేస్తారు, ఎప్పుడు వేస్తారు’ అని రెండేళ్ళు నా ప్రాణం తోడేశావెందుకూ?”

“ఏం లేదు.”

“ఏం లేకపోవడమేమిటి? చెప్పు.”

“వాన పడ్డప్పుడల్లా ఈ గచ్చు మీద నీళ్ళు ఇలాగే బొట్లు బొట్లుగా నిలబడుతున్నాయండీ. నేను అడిగినప్పుడైనా ఒక్కసారి కిందికి చూసి, ‘ఇదెవరు చేశారోయ్’ అంటారేమోనని.”