కుండకు చిల్లు

చితుంగ్విజా పట్నంలో ఒక ఇంటి పెరడు, సాయంత్రం. బోరింగు నుంచి బకెట్టు మోసుకొచ్చిన కెతాయి. కూరమడి పక్కన ఇటుకల మధ్య కూర్చున్న ఆమె భర్త తగుమా.

"నీకు నేను కనిపిస్తానా, నా నెత్తిమీద బకెట్టే కనిపిస్తుందా? ఏళ్ళ తరబడి ఇదే నా అనుమానం."

"వచ్చావా! అదే కావాలి. ఆ తొట్లో పొయ్యి."

"తొట్లోనా? మధ్యాహ్నమంతా లైన్లో నిలబడి తెచ్చిన నీళ్ళయ్యా ఇవి."

"ఒక్కసారి పోస్తే చాలే. పాత వాషింగ్ మెషీను మోటారు అడుగున పెట్టా. నీళ్ళు పైకెక్కి, కుండలోంచి పొంగి, రాళ్ళమీంచి మళ్ళీ తొట్లోకే. ఫౌంటెను!"

"ఏ కుండ?"

"ముందు కూర్చో. మోకాళ్ళు నొప్పులన్నావుగా."

"ఏ కుండ అంటున్నా."

"అదేలే... మూలన ఊరికే పడుంది కదా అని..."

"మా అమ్మ ఇచ్చిన కుండ! దానికి చిల్లు పెట్టావా?"

"పైపు దూరొద్దూ మరి?"

"ఆడదాని కుండకు చిల్లు ఎప్పుడు పెడతారు? చెప్పు, ఎప్పుడు పెడతారు?"

"అది... సమాధి మీద పెట్టేటప్పుడు. తట్టలేదే నాకు, దేవుడి తోడు."

"ఊపిరుండగానే సాగనంపావు నన్ను."

"అలా అనకు. అవన్నీ పాత నమ్మకాలని పాస్టరుగారు ఆదివారం..."

"పాస్టరుగారి భార్య కుండకు చిల్లు పెట్టి రా. అప్పుడు చెబుతాడు."

"నీకోసమే చేశానే. కొత్త కోడలివై వచ్చిన పొద్దున మా ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచి మొహాలు కడిగించావు. నా వంతు వచ్చినప్పుడు, నీ కాళ్ళ దగ్గరికి నేనూ ఒకరోజు నీళ్ళు తెస్తానన్నాను."

"గుర్తుందా నీకు?"

"మర్చిపోలేదు. తేనూ లేదు."

"అందుకు నా కుండే దొరికిందా?"

"ఆ కుండ తీసేస్తాలే."

"ఉండు, తీయకు. జరుగు, నీళ్ళు పోస్తాను. మోటారు వెయ్యి."

"కరెంటు ఉందో, లేదో... ఆ, ఉంది! విను. బాగుందా?"

"బాగుంది. కాళ్ళు పెట్టొచ్చా ఇందులో?"

"నీదేగా."

"అబ్బ. చల్లగా ఉంది."

"కోపం పోయిందా?"

"పోయినదానికి కోపమేంటి? కుండకు చిల్లు పడిందంటే నీళ్ళు మోసే మనిషి పోయినట్టే. మన ఆచారమేగా."

"అంటే?"

"అంటే, రాత్రికి సద్జా సంకటి వండాలి, ఇంట్లో చుక్క లేదు. ఖాళీ బకెట్టు అదిగో."

దీపాలు పెట్టే వేళకు, నిండు బకెట్టుతో తగుమా.

"లైన్లో ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. నీ పెళ్ళాం పోయిందా తాతా అని అడిగింది ఒకతి."

"ఏమన్నావు?"

"ఉంది, దానికి నీళ్ళు బాకీ ఉన్నానన్నాను. కాస్త కాళ్ళు జరుపు, ఇక్కడే దించుతాను."