బావ పిలిచిన టూరు

"సముద్రం ఎంత దూరం బావా? ముందు అది చెప్పు."

"దగ్గరే."

"దగ్గరంటే? జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరంతనా, కడపంతనా?"

"ఆ... అంతే."

"ఏది అంతే?"

"దగ్గరేలే నయీం. మళ్ళ చెప్తా."

కంబోడియాలో ఒక గది. ఇర్ఫాన్ ఫోను స్పీకర్ మీద పెట్టి మాట్లాడుతున్నాడు. అవతల ఉన్నది చెల్లెలు షహనాజ్ మొగుడు నయీం, జమ్మలమడుగులో ఉంటూ ప్రొద్దుటూరులో బంగారు నగలకు మెరుగు పెట్టేవాడు. పక్కనే కుర్చీలో మౌలాలి కూర్చుని వింటున్నాడు.

"మళ్ళ కాదు, ఇప్పుడే చెప్పాల. షహనాజ్ బుద్ధెరిగినాక సముద్రం చూసింది లేదు. మొదటి దినం సముద్రం, రెండో దినం రాతి గుళ్ళు అని కాగితం మీద రాసిపెట్టుకోనుంది. ఆ గుళ్ళకు పొద్దున పోతే బాగుంటాదా, సాయంత్రమా?"

"పొద్దున."

"నువ్వు పొద్దున్నే పోయినావా?"

"నేనా? పోయినా... పొద్దున్నే. సాయంత్రమేమో. గుర్తులేదు."

"ఏంది బావా, ఎనిమిది నెలల నుంచి ఆడ ఉండావు. పొద్దో సాయంత్రమో గుర్తులేదా?"

"తమ్ముడూ నయీం! నేనప్పా, మౌలాలిని. మీ బావ చేసే హోటల్లోనే ఉండా. మాది తొండూరు."

"అన్నా, సలాం. మీ గురించి ఖాదరన్న చెప్పినాడు. ప్రొద్దుటూర్లో మా టికెట్లు చూసేది ఆయనే కదా."

"చూస్తాడు, బాగా చూస్తాడు. మీ బావకు డ్యూటీ ఎక్కువప్పా, తిరిగేదానికి టైమే ఉండదు. మీరొస్తే ఆయన కూడా నాలుగు చోట్లు చూస్తాడు. గండికోట కాడ బోటు ఎక్కినావా?"

"ఎక్కినా అన్నా. పెండ్లైన కొత్తలో."

"దానికి పదింతలు ఉంటాది ఈడ. దీవికి తీస్కపోతారు. నీళ్ళల్లో అడుగున చేపలు కనపడతాయి. ఫ్యామిలీ టూరు కదా, స్టాఫు బంధువులకు అంతా కంపెనీదే. మీరు బట్టలు సర్దుకోని వచ్చేదే."

"అదే అన్నా, మా ఊర్లో ఎవరూ నమ్మడంల్యా. పది దినాలు తిండి, గది, తిప్పేది అంతా వాళ్ళదే అంటే నవ్వుతాండారు."

"నవ్వనీ. ఫోటోలు పంపు వాళ్ళకు."

"నయీం."

"చెప్పు బావా."

"వానలు ఈడ. శానా వానలు. రెండు నెలలు ఆగి రాండి."

"వానలు యాడివప్పా ఇర్ఫానూ? తమ్ముడూ, మీ బావ తమాషా చేస్తాండాడు. నిన్న ఎండకు నా తల పగిలిపోయింది."

"ఆ... తమాషాకే నయీం. వానల్లేవు."

"అదేంది బావా, గొంతు అట్లుంది?"

"జలుబు."

"ఎండల్లో జలుబా?"

"ఏసీ. ఏసీ గదులు కదా. నయీం, షహనాజ్‌కు ప్రయాణం పడదు. చిన్నప్పుడు పులివెందుల బస్సెక్కితేనే వాంతులు. ఆమెను వదిలిపెట్టి నువ్వొక్కడివే రాకూడదా?"

"నేనొక్కన్నే వచ్చి సముద్రం కాడ ఏం చేసేది? ఆమె కోసమే కదా బావా పోదామనింది. ఏడేండ్లైంది పెండ్లయి. నా వేళ్ళకు మెరుగు రాసి రాసి నల్లగైనాయి, ఆమె కుట్టు మిషను మీద వంగి వంగి నడుము పోగొట్టుకునింది. ఒక్కసారన్నా ఏ పనీ లేకుండా పది దినాలు కూర్చోవాలంటాంది."

"విన్నావా ఇర్ఫానూ? చెల్లెలు అంత ఆశ పడతాంటే రావద్దంటావేంది?"

"రావద్దన్లేదు అన్నా. నేనట్ల అన్లేదు."

"అనలేదులే. తమ్ముడూ, పద్నాలుగో తారీకే కదా?"

"ఆ... పద్నాలుగే అన్నా."

"నవ్వుతాండావేంది?"

"ఏంల్యా అన్నా. ఊరికే."

"ఆ చప్పుడేంది నయీం? యాడుండావు?"

"బస్సులో బావా. పనికి పోతాండా."

"షహనాజ్ ఇంట్లో ఉందా?"

"ఉంటాదిలే, యాడికి పోతాది. నువ్వు తిండి సంగతి చెప్పు. ఆడ మన తిండి దొరుకుతాదా? ఆమె మామిడికాయ తొక్కు డబ్బా కట్టింది నీకు. చింతపండు కూడా."

"నాకొద్దు. ఏం తేవాకండి. ఏం..."

"ఒక్క నిమిషం తమ్ముడూ, నాకు వేరే ఫోను వస్తాంది. హలో. ఆ. వచ్చిందా? ఎంత మంది? సరే, వస్తాండా. ఇర్ఫానూ, కింద బండి వచ్చిందంట. రెండు నిమిషాల్లో వస్తా. మాట్లాడు, బాగా మాట్లాడు."

మౌలాలి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. ఇర్ఫాన్ స్పీకర్ తీసేసి, లేచి కిటికీకి వీపు ఆనించి, తలుపు వైపు చూస్తూ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"నయీం, విను. మధ్యలో మాట్లాడాకు. రాకండి."

"ఏంది బావా?"

"రాకండి. ఇద్దరూ రాకండి. టికెట్ చింపెయ్. ఖాదర్ ఇంటికొస్తే తలుపు తీయాకు."

"ఇప్పుడే కదా రావద్దన్లేదన్నావు..."

"ఇంతసేపు ఆ మౌలాలి పక్కన ఉండాడు. ఇది హోటలు కాదు. నేను సముద్రం చూడలేదు, గుళ్ళు చూడలేదు, ఈ గోడ దాటి అడుగు పెట్టలేదు. వచ్చిన దినమే పాస్‌పోర్టు లాక్కున్నారు. పదహారు గంటలు కూర్చోబెట్టి ఫోన్లు చేయిస్తారు. పోలీసులమని చెప్పి రిటైరైన సార్లను, ముసలోళ్ళను దుడ్లు పంపమని బెదిరించాల. ఏడుస్తారు నయీం వాళ్ళు ఫోన్లో. చేయకుంటే కొడతారు."

"కొడతారా? నిన్నా?"

"జలుబు కాదు నా గొంతుకు."

"బావా... మరి నువ్వే కదా రమ్మనింది. ఫోటోలు నువ్వే పంపినావు. ఆ సముద్రం ఫోటో..."

"వాళ్ళిచ్చిన ఫోటోలు."

"నువ్వే కదా పంపింది!"

"నేనే. నేనే పంపినా. నేను దాచను నయీం. ఇద్దర్ని రప్పిస్తే ఒకర్ని ఇడుస్తామన్నారు. నాలుగు నెలలు ఒప్పుకోలేదు. తర్వాత మూడు దినాలు నీళ్ళీకుండా కట్టేసినారు. నాలుగో దినం పేర్లు అడిగినారు. నీ పేరు చెప్పినా."

"నా పేరు."

"షహనాజ్ పేరు కూడా."

"నీ చెల్లెలు కదా బావా."

"తిట్టు. ఇంటికొస్తే చెప్పు తీస్కోని కొట్టు. ఇప్పుడు మాత్రం విను. పద్నాలుగుకు ఇంకా ఆరు దినాలుంది. ఈ దినమే జమ్మలమడుగు స్టేషన్‌కు పో, ఖాదర్ పేరు చెప్పు, ఈ నంబరు ఇయ్యి. నా సంగతి నేను చూసుకుంటా. మీరు రాలేదని తెలిస్తే... నేను చూసుకుంటా. వింటాండావా?"

"ఆరు దినాలు..."

"నయీం. వింటాండావా?"

"వింటాండా."

"ఎందుకట్ల మెల్లగా మాట్లాడతాండావు? బస్సులో ఎవరన్నా మనోళ్ళుండారా?"

"బస్సు కాదు బావా."

"ఏంది?"

"ఖాదరన్న టికెట్లు ముందుకు జరిపినాడు. నీకు చెప్పాకండి, ఉన్నట్టుండి ఎదురొస్తే మీ బావ సంతోషపడతాడు అన్నాడు. పొద్దున ఈడ విమానం దిగినాం. నీ పేరు రాసిన అట్ట పట్టుకోని డ్రైవరు నిలబడినాడు. ఎంట్రీ చేయించాలని పాస్‌పోర్టులు తీసుకున్నాడు."

"ఇద్దరివీనా?"

"ఇద్దరివీ."

"ఆపమను. ఎట్లన్నా ఆపమను. వాంతి వస్తాందని చెప్పు, దిగి పరిగెత్తండి, జనం ఉండే చోటికి..."

"జనం లేరు బావా. పెద్ద గేటు దాటినాం. వెనక మూసేసినారు."

"షహనాజ్‌కు... షహనాజ్‌కు తెలిసిందా?"

"లేదు. ఫోను ఇమ్మని లాగుతాంది. నేనేం చెప్పేది ఆమెకు? బావా, ఏం చెప్పేది?"

"ఇయ్యాకు. నయీం, ఇయ్యాకు ఆమెకు..."

"భాయ్! ఎట్ల ఏమార్చినాం చూడు నిన్ను! మూడో అంతస్తు కిటికీ కాడ చెవికి ఫోను పెట్టుకోని నిలబడింది నువ్వేనా? ఇట్ల కిందికి చూడు భాయ్, చెయ్యి ఊపుతాండా!"