నేల తట్టినప్పుడు

భద్రాచలంలో కుస్తీ పోటీ మొదలవబోతుంటే, రిఫరీగా వచ్చిన పాత పహిల్వాన్‌ను నిర్వాహకుడు పక్కకు పిలిచాడు.

"భాయ్, రూల్స్ లేని ఫైట్ అని పోస్టర్లు ఏసినం. నువ్వు మధ్యల ఆపకు."

"కళ్లల్ల వేళ్లు పొడిస్తె?"

"గట్లెవరు పొడుస్తరు? తప్పు గదా!"

"మరి గది రూల్ కాదా? మధిరల నేను గిసొంటి కుస్తీనే పట్టిన. చెయ్యి విరగబోతుంటే, ఓడిన అని నేల తట్టిన. అవతలోడు ఎంటనే వదిలిండు. వదలాలని వానికి ఎవ్వరూ చెప్పలే."

"జనం ఊరుకోరు భాయ్."

"అరవనీ. బరిల ఏ పిలగాడు నేల తట్టినా నేను ఆపుత."

"ఆపితే మళ్ల నిన్ను పిలువ."

"పిలువకు."

ఆయన బరిలోకి దిగాడు. కాసేపటికి, చెయ్యి మెలిపడిన ఒక కుర్రాడు నేల తట్టగానే పోటీ ఆపేశాడు. జనం తిట్టారు. ఓడిన కుర్రాడు రెండు చేతులూ నేలకు ఆనించి, లేచి నిలబడ్డాడు.