అమీరున్నీసా వాకిట్లో స్కూటర్

తొంభై మూడు ఎండాకాలం. చౌటుప్పల్ బస్టాండు వెనక సందులో అమీరున్నీసా ఇల్లు. నారాయణపురం నుంచి దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ వచ్చిన నిర్మలమ్మకు, తీరా ఆ వాకిట్లో స్కూటర్ కళ్లబడేసరికి ఒక్క తిట్టూ నోటికి రాలేదు. ఏం చేస్తుంది పాపం, కిరాయికి గది కావాలంటూ మాట కలిపింది.

"గది లేదని చెప్పిన గదమ్మా. ఇంకేం చూస్తున్నవ్?"

"లేకుంటె పాయె అక్కా. జర మంచినీళ్లియ్యి."

"ఇగో, తాగు. నీళ్లు ఈడుంటె స్కూటర్ దిక్కు చూస్తవేంది?"

"ఊకెనే. మంచిగున్నది. ఎవలదక్కా?"

"ఎవలదైతె నీకేంది?"

"అడగొద్దా?"

"మా తమ్మునిది."

"సొంత తమ్ముడా?"

"సొంతం గాక? మా అమ్మ కడుపుల పుట్టినోడు. నూరుద్దీన్."

"మరి నూరుద్దీన్ స్కూటర్ మీద యాదగిరిగుట్ట నర్సింహస్వామి బొమ్మ ఎందుకున్నదక్కా?"

"పాతది కొన్నడు. బొమ్మ గప్పటిదే. దేవుని బొమ్మ ఎవలన్న పీకుతరా?"

"హాండిలుకు కట్టిన ఎర్రదారం సుత గప్పటిదేనా? మొన్న కట్టినట్టే ఉన్నది."

"ఏయ్, ఎవలు నువ్వు? గది అంటివి, నీళ్లంటివి, ఇప్పుడు పోలీసోని లెక్క అడుగుతున్నవ్. నిన్ను ఎవలు తోలిండ్రో నాకు తెల్సు."

"ఎవలు తోలిండ్రు?"

"స్టాండు కాంట్రాక్టరు. బస్టాండుల సైకిళ్లు, స్కూటర్లు పెట్టుకునే జాగ వాడు పట్టిండు గద. జనం వాని తాన పెట్టకుంట ఇండ్లల్ల పెట్టి బస్సెక్కుతుండ్రని వానికి కడుపుమంట. ఇంతకుముందు ఒగ మొగోన్ని తోలిండు. ఇయ్యాల ఆడిదాన్ని తోలిండు. పోయి చెప్పు వానికి, నేను ఎవ్వల తాన కిరాయి తీస్కుంటలేను. గా స్కూటరాయన మా ఇంటి మనిషి."

"ఇంటి మనిషా?"

"ఆఁ. ఇంటి మనిషే."

"ఇప్పుడే తమ్ముడంటివి."

"తమ్ముడు ఇంటి మనిషి గాదా?"

"పొద్దుగాల్నే వస్తడా?"

"వస్తడు."

"మల్ల పొద్దుమూకినంకనే పోతడా?"

"పోతడు. ఇంటి మనిషి ఎప్పుడొస్తె ఏంది, ఎప్పుడు పోతె ఏంది?"

"అయితె మా పక్కింటి సైదమ్మ చెప్పింది నిజమే. పొద్దంత స్కూటర్ ఈ వాకిట్లనే ఉంటదన్నది. స్కూటర్ యాడుంటె మనిషి ఆడనే గద అన్నది. నేనే దాని మీద ఒర్రిన, మా ఆయన అసుంటోడు గాదని."

"మీ ఆయనా?"

"దశరథ! నారాయణపురం దశరథ! నా మెడల తాళి గట్టిన దశరథ! నీకు ఇంటి మనిషి ఎట్లైండే?"

"యా అల్లా!"

"అల్లాను కాదు, ఆయన్ను పిలువ్. లోపట్నే ఉన్నడు గద. పిలువ్, బయటికి రమ్మను!"

"ఆగు చెల్లె. జర నా మాట ఇను..."

"చెల్లెనట! ఆయన తమ్ముడాయె, ఇంటి మనిషాయె, ఇప్పుడు నేను చెల్లెనైతి!"

"నువ్వు స్టాండోని మనిషివనుకొని అబద్ధమాడిన. అల్లా మీద ఒట్టు. మీ ఆయన ఈడ స్కూటరొక్కటే పెడ్తడు. పెట్టి పట్నం బస్సెక్కుతడు. సాయంత్రం బస్సు దిగి తీస్కపోతడు. గంతే."

"బస్సా? మా ఆయన బస్సెక్కుడేంది? పట్నం దాంక స్కూటర్ మీదనే పోతున్నంటడు. బట్టల దుకాణం ముంగట జాగ లేదు, ఆడ స్టాండుల పెట్టనీకి రోజు పైసలు కట్టాలెనని నా తాన ఏడుస్తడు."

"ఆయన నీకేం చెప్తడో నాకేం ఎరుక? బస్సెక్కుడు మాత్రం నేను నా కండ్లతోని చూస్తున్న."

"ఎక్కుతడనుకుందాం. మరి బస్టాండులనే స్టాండున్నది, నీడున్నది, కాపలున్నది. అదంత ఇడిసిపెట్టి సందులకొచ్చి నీ వాకిట్లనే ఎందుకు పెట్టాలె?"

"గది నేను సుత అడిగిన."

"ఏమన్నడు?"

"ఈడైతె మంచిగుంటదన్నడు."

"ఏం మంచిగుంటది? స్టాండుకంటె తక్కువ తీస్కుంటవా?"

"తక్కువ గాదు..."

"మరి?"

"ఎక్కువనే ఇస్తడు. నేనడగలె చెల్లె. ఆయనంతట ఆయనే చేతుల పెట్టి పోతడు. వద్దంటె ఇనడు."

"ఇగో, చూసినవా! ఏ మొగోడు ఊకెనే ఇస్తడు ఎక్కువ? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?"

"నాకు సుత మొదట్ల అనుమానమొచ్చింది. చూపు మంచిదేనా అని కనిపెట్టి చూసిన. నా మొకం దిక్కే చూడడు. తలకాయ దించుకొని మాట్లాడ్తడు. ఒక్కోనాడు పండ్లు తెచ్చి గోడ మీద పెట్టి పోతడు. మా ఇంటాయన సుత రోజు పిలుస్తడు, లోపటికి రా భాయ్, చాయ తాగిపో అని. ఒక్కనాడన్న గడప తొక్కలె."

"మీ ఇంటాయనా? ఆయన ఇంట్ల ఉంటడా?"

"ఉండక యాడికి పోతడు? తొడబొక్క ఇరిగి మంచంల వడ్డడు. పట్నం దవాఖానల రాడ్ ఏసిండ్రు. పండ్ల బండి తోలుకొని బతికిన మనిషి, ఇప్పుడు బయటికి పోవాలన్నా నేను భుజం పట్టాలె. ఇగో, గీ కిటికీ ఎన్కనే. నమ్మకం లేకుంటె తొంగి చూడు."

"జరుగు, చూస్త."

"ఉన్నడా?"

"ఉన్నడు. ఒక్కడే ఉన్నడు. కండ్లు మూసుకొని పండుకున్నడు."

"చూసినవ్ గద."

"మాఫ్ చెయ్యక్కా. నోటికొచ్చినట్టు అన్న. సైదమ్మ చెప్పిన కాడ్నుంచి నాకు బువ్వ సయిస్తలేదు. నా ఇల్లు కూలిపోయిందనే అనుకున్న."

"ఏడ్వకు. కూసో. చాయ పెడ్త. నేను మాత్రం తక్కువ అన్ననా? మొదట్ల నలుగురైదుగురు పెడుతుండె ఈడ. స్టాండోని లొల్లికి భయపడి అందరు బందువెట్టిండ్రు. మీ ఆయన ఒక్కడే నిలవడ్డడు. ఆయన సుత పోతె మాకు పొయ్యి ఎలగదు చెల్లె. గందుకే నిన్ను చూస్తనే అబద్ధాలొచ్చినయి."

"గని అక్కా, బస్సుల పోతె పోతున్నని చెప్పొచ్చు గద? దొంగతనమా, లంగతనమా? కట్టుకున్నదాని తాన ఎందుకు దాచాలె?"

"ఏమో. నువ్వే అడుగు."

"ఆఁ! ఇప్పుడు తెల్సింది! భయమక్కా!"

"ఏం భయం?"

"స్కూటర్ నడపనీకి భయం! పెద్దరోడ్డు ఎక్కాలంటె భయం! మొగోడు గద, చెప్పుకోనీకి సిగ్గు. ఒగపారి బర్రెకు గుద్దిండు. లైటు పలిగింది, అంగి నిండ మట్టి, గజగజ వణుక్కుంట ఇంటికొచ్చిండు. గానాటి నుంచి నిద్రల ఉలికిపడి లేస్తడు. బర్రెకే గింత భయపడ్డవా అని నేను నవ్విన సుత. పిచ్చి మనిషి! దానికోసం బస్సులల్ల నిలవడి పోవుడా?"

"యాడ గుద్దిండు?"

"ఈ చౌటుప్పల్ కాడనే అన్నడు."

"ఎప్పుడు?"

"పోయిన దసరా ముంగట, సద్దుల బతుకమ్మ నాడు. నేను బతుకమ్మ పేర్చుకొని వాకిట్ల ఆయన కోసం చూసి, చూసి... ఏందక్కా? చాయ పొంగుతున్నది."

"పొంగనియ్యి. బర్రె చచ్చిందన్నడా?"

"ఏమో. ఆగలేదన్నడు. బర్రె గల్లోళ్లు వచ్చి కొడ్తరని ఆగకుంటనే వచ్చిండట."

"ఆగిండు."

"ఏందీ?"

"ఆగిండు చెల్లె. జరసేపు ఆగిండు. ఆగి, మల్ల పోయిండు. రోడ్డు మీద వడ్డాయన భాయ్, భాయ్ అని పిలుస్తనే ఉన్నడు."

"ఎవలక్కా వడ్డది? మీ ఆయన కాలు... ఎట్ల ఇరిగింది? ఎప్పుడు?"

"మా సందుల నుంచి బతుకమ్మలు పోతున్నయి. ఆడోళ్ల పాటలల్ల మా ఇంటాయన కేక ఎవ్వలకు ఇనబడలె. నేను గేటు కాడ నిలవడి బతుకమ్మలు చూస్తున్న. నాకు సుత ఇనబడలె."

"అక్కా..."

"చెప్పు."

"ఈ స్కూటర్ మాది గాదు."

"ఇప్పుడే గద నువ్వు..."

"మాది గాదు. నేనే పొరపాటువడ్డ. నర్సింహస్వామి బొమ్మ ఎందరి స్కూటర్ల మీద లేదు? నేను ఈడికి రాలె. నువ్వు నన్ను చూడలె. నాకు పిల్లలున్నరక్కా."

"నాకు లేరా?"

"నీ కాళ్లు మొక్కుత. ఆయన జైలుకు పోతె మేమేం గావాలె?"

"మేమేం గావాలెనని ఆయన అడిగిండా గానాడు? చెయ్యి ఇడువ్. ఠాణ దగ్గర్నే ఉన్నది. చెయ్యి ఇడువ్ అంటున్న!"

కిటికీ వెనక మంచం కిర్రుమంది. మంచంలోని బషీర్ అడిగాడు.

"ఏందే లొల్లి?"

"ఏం లేదు. నువ్వు పండుకో."

"పండుకోలె నేను. ముందటి నుంచి మీ మాటలన్ని ఇంటనే ఉన్న. ఆమెను పోనియ్యి."

"నీకు తెల్వదు. ఆ స్కూటరాయన ఎవలనుకున్నవ్?"

"గా స్కూటర్ చప్పుడు మొదటి దినమే గుర్తువట్టిన. లోపటికొచ్చి, ఆయన నోటితోని ఆయనే చెప్తడని రోజు చాయకు పిలుస్తున్న."