గొర్రెపిల్ల కాలు

తాండూరు దవాఖాన నుంచి యాలాల్‌కు పోయే బస్సులో, పుట్టుకతోనే పాదాలు వంకరైన పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది తల్లి. ఆ కాళ్లకు ఇవ్వాళ మళ్లీ పిండికట్లు పడ్డాయి. పక్కనే అత్త.

“అత్తమ్మా, నేను కూలికి పోయినంక పొల్లకు డాక్టరిచ్చిన బూట్లు ఇప్పినవా?”

“ఇప్పిన. పాదాలు సక్కగైనయ్ గదా, ఇంకెందుకనుకున్న.”

“నాలుగేండ్లు తొడగాలె, లేకుంటె మళ్ల వంగుతయని సారు మొదలే జెప్పిండు.”

“ఏడుస్తుంటె పాణం ఒప్పలే బిడ్డా.”

కోడలికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

“మన మందల గొర్రెపిల్ల వంకరకాలుతోని పుడితె పుల్లలు వెట్టి కడ్తవు గదా. అరిస్తె ఇప్పుతవా?”

“ఎందుకిప్పుత? గొర్రెపిల్ల నా మొకం జూసుకుంట ఏడ్వదు గదనే.”

“నా మొకం జూసుకుంట గూడ ఏడ్చింది, అత్తమ్మా. నేను ఇప్పలే.”