బాపు నవ్వు ఆగిన కాడ

హలో… ఆ, నేనే. సుజననే… చెప్పు అలేఖ్యా.

లేదు, జెరం ఏం లేదు. మంచిగనే ఉన్న… ఆ, నిన్న రాలే, ఇయ్యాల గూడ రాలే. లీవు పెట్టిన… ఏం లేదే, ఊకెనే.

చెప్పు గని, జెల్ది చెప్పు. ఇంటి ఓనరోళ్ల ఫోను గదా, నాగమణమ్మ పిలిస్తే పైకొచ్చిన. కింద మా ఇంట్ల ప్రార్థన ఉంది… ఇయ్యాలనే. ఆగస్టు పదకొండు. మా బాపు తాగుడు బంద్ జేసిన తారీకు. ఏటేటా పెట్టుకుంటం గదా, నిరుడు నువ్వు గూడ వస్తివి… ఆ, గదే. అమ్మ చేసిన పులిహోర రెండుసార్లు ఏయించుకున్నవ్.

ఏంది?… ఫస్ట్ ప్రైజా… నీ నాటకానికేనా… మంచిది. సంతోషమే… గొంతుల సంబురం లేదంటవా? నా గొంతే గంత.

పంద్రాగస్టుకు మళ్ల ఎయ్యాల్నా?… అన్ని ఆఫీసులోళ్ల పోటీలనా… ఊఁ… ఊఁ…

ఏందేందీ? మళ్లొక్కసారి చెప్పు… మా యాస రెండు తావుల సరిగ్గ పడలే. నేను పక్కన గూసొని దిద్దాలె. గదేనా నువ్వు ఫోన్ చేసింది?

…లే, నవ్వుతలే. దగ్గొచ్చింది.

అలేఖ్యా, ఒక్కమాట అడుగుత. శుక్రవారం నాడు నాటకానికి మా బాపును ఎందుకు పిలిచినవ్?… నువ్వే గదా నా చేతిల కార్డు పెట్టింది. 'బాబాయిగారిని తప్పకుండా తీసుకురా' అన్నవ్. మూడో వరుసల కుర్చి గూడ ఆపి పెట్టినవ్… ఆయన సంతోషపడ్తడనుకున్నవా…

పొద్దటి సంది ఎంత సంబురపడ్డడో నీకేం ఎరుక. తెల్ల అంగి రెండుసార్లు ఇస్త్రీ చేపిచ్చిండు. బిడ్డ ఆఫీసుల ఫంక్షనని గల్లీల ఎదురొచ్చినోళ్లందరికి చెప్పుకుంట వచ్చిండు.

అరే, ఆగు. లొల్లి పెట్టుకోనీకి చెప్తలే, విను… నువ్వు ఎర్ర తువాల మెడకు చుట్టుకొని, తూలుకుంట స్టేజీ మీదికొచ్చి, 'రైల్వే గ్యాంగ్‌మన్ సామ్యేలును, ఉప్పుగూడ నాది' అన్నవ్… ఆ, పేరు మార్చినవ్ లే. మా బాపు డానియేలు పోయి సామ్యేలు వచ్చిండు. మస్తు కష్టపడి మార్చినవ్.

బాపు నవ్వలేదా అంటె— నవ్విండు. గదే చెప్పొస్తున్న. మొదలు నాకన్న గట్టిగ ఆయనే నవ్విండు! నన్ను మోచేత్తోని పొడిచి, 'అగో బిడ్డా, ఆ పిల్ల నన్నే చేస్తుంది' అన్నడు. పట్టాల మీద పండుకొని స్టేషన్ మాస్టరుకు పాట పాడుడు, ఇంకోని చెప్పులేసుకొని ఇంటికొచ్చి ఆ చెప్పులు కరుస్తున్నయని అమ్మ మీద ఒర్రుడు… అవన్ని ఆయన ప్రార్థన కూటంల తనే చెప్పుకుంటడు. చెప్పుకుంట తనే నవ్వుతడు. నిరుడు నువ్వు విన్నది గదే గదా. వాటికి ఫికర్ లేదు.

ఎనుక వరుసల ఒకాయన అన్నడు, ఎవలో నాకు తెల్వది, మీ దిక్కు మాటనే. 'ఈ పాతబస్తీ బాపతంతా ఇంతేనండీ. తాగడం, ఏడవడం, ప్రార్థన చేసుకోవడం, మళ్ళీ తాగడం' అని… నువ్వనలే, నాకెరుకే. గని ఆ మాట ఆయన నోట్లెకు ఎవలు తెచ్చిన్రు? నీ సామ్యేలు ఆఖర్ల బైబిల్ చేతిల పట్టుకొని, సంచిల నుంచి సీసా తీస్తడు… ఎందుకు తీసిండు?

…నవ్వు రావాలెనని. ఊఁ.

మా బాపు పన్నెండేండ్ల సంది చుక్క ముట్టలే, అలేఖ్యా. ఎట్ల ముట్టకుంట ఉన్నడో మా అమ్మకెరుక, నాకెరుక. నువ్వు ఒక్క సీసా తీసినవ్, పన్నెండేండ్లు అండ్ల పోసినవ్.

జోకులు మరి ఎవరి మీద వేయాలంటవా?… ఆ, ఔను. మీ దిక్కోళ్ల మీద మేము గూడ ఏసినం. నీ 'ఆయ్'ని నేను ఎన్నిసార్లు ఎక్కిరియ్యలే! నువ్వు నవ్వినవ్. నవ్వి, పోయి నీ సీట్ల గూసున్నవ్. నీ 'ఆయ్' ఇన్నందుకు నీకు కిరాయికి ఇల్లు ఇయ్యనన్నోడు ఎవడన్న ఉన్నడా? మాది ఉప్పుగూడ అంటె మొకం మారుతది ఎదుటోనికి… సర్దార్జీ జోకులా? నవ్విన. కడుపు పట్టుకొని నవ్విన. గప్పుడు నా పక్క కుర్చిల సర్దార్జీ ఎవలు గూసోలే. నాది గూడ తప్పే. నేనేదో శుద్ధపూసను అంటలే గదా.

సరే, గవన్ని ఇడ్సిపెట్టు. గేటు… ఆ, స్కూలు గేటు సీను. మా బాపు నవ్వు గాడ ఆగింది.

…ఎరుకే. హాలంత లేచి చప్పట్లు కొట్టింది గాడనే. నేను ఆడనే ఉన్న గదా.

బాపు తాగి వస్తడు. వాచ్‌మన్‌ను చూసి ప్రిన్సిపాలనుకొని, 'సలాం సాబ్, మా బిడ్డ టిపిని డబ్బ మర్సిపోయింది' అంటడు. పిల్ల బయటికొస్తది. 'ఎవలే ఈయన' అని దోస్తులు అడిగితే, 'ఏమో, నాకు తెల్వది' అంటది… నువ్వు ఆ పిల్ల గొంతు గూడ చేసినవ్. మంచిగనే చేసినవ్.

ఆ సీను నీకు ఎవలు చెప్పిన్రు?

…

ఆ. నేనే. క్యాంటీన్ల… లేదు, కాదంటలే. నేనే కుర్చిల నుంచి లేచి, సలాం గొట్టి చూపిచ్చిన. నీకు చాయ్ ముక్కులకెల్లి వచ్చింది. మా సుజన ఉంటే పొద్దే తెల్వదని నువ్వంటే నాకు మస్తనిపిచ్చింది.

నవ్వుకుంటనే చెప్పిన, ఔను. నవ్వకుంట చెప్పనీకి నాకు నోరు రాలే, అలేఖ్యా. ఆరో తరగతిల ముచ్చట అది. పదహారేండ్ల సంది ఎవలికి చెప్పలే. అమ్మకు గూడ చెప్పలే. మొదటిసారి నీకే చెప్పిన. జోకు లెక్క చెప్తేనన్న కడుపుల నుంచి పోతదనుకున్న… నువ్వు దోస్తువని చెప్పిన. స్టేజీ మీదికి తీస్కపొమ్మని చెప్పిన్నా?

…నాకెట్ల తెలుస్తుందంటవ్. నిజమే, చెప్పకపోతే నీకెట్ల తెలుస్తది. గని ఒక్కసారి అడిగితే ఏం పోయేది? 'ఇది పెట్టొచ్చానే' అని. రోజు పక్కపక్కన గూసుంటిమి.

ఆయన ఆ రోజు విన్నడు. నా మాట. విని, డబ్బ వాచ్‌మన్ చేతిల పెట్టి తిరిగి పోయిండు. పొద్దుగూకి ఇంటికొస్తే, 'అన్నం తిన్నవా బిడ్డా' అన్నడు, అంతే. ఏటేటా ఈ ప్రార్థనల, పదకొండు సార్లు సాక్ష్యం చెప్పిండు. ఎట్ల చెడిపోయిండో, ఎట్ల మారిండో అందరి ముందట నిలవడి చెప్పుకున్నడు. అమ్మను కొట్టిన అన్నడు, చర్చి మెట్ల మీద కక్కిన అన్నడు, ఏదీ దాయలే. గేటు ముచ్చట ఒక్కసారన్న తియ్యలే. తాగిన మత్తుల మర్సిపోయిండనుకున్న నేను. ఇన్నేండ్లు గట్లనే అనుకొని బతికిన.

శుక్రవారం అఫ్జల్‌గంజ్‌ల బస్సు దిగి, ఉప్పుగూడ బస్సు కోసం నిలవడ్డం. గాడ అన్నడు…

ఏమన్నడా?

'గా గేటు ముచ్చట నేను దేవునికి గూడ చెప్పలే బిడ్డా' అన్నడు. 'నిన్ను ఎవలన్న తప్పు వడ్తరని.'

…

…ఏడువకు. నువ్వు ఏడిస్తే మళ్ల నేనే ఓదార్చాలె. నాకు ఓపిక లేదు.

 పొద్దున పాస్టరయ్య వస్తే, 'ఈసారి సాక్ష్యం చెప్పనయ్యా, చెప్తుంటే నాటకం లెక్క కొడ్తది' అన్నడు. ఆయన దాన్ని పట్టుకొనే నిలవడ్డ మనిషి, నీకు సమజైతలే. ఏడాదికొక్కసారి అందరి ముందట చెప్తడు, చెప్పిన మాట కోసం ఇంకో ఏడాది ముట్టడు. మా ఇల్లు గట్ల నడుస్తది. నిన్న పొద్దుగూకంగ కల్లు కంపౌండు దిక్కు పోయిండు… తాగలే. గోడ కాడ నిలవడి వచ్చిండు. అమ్మ ఎనుకెనుక పోయి చూసింది. రాత్రంత ఇద్దరం నిద్రపోలే.

వద్దు. రాకు… మాఫీ అడగనీకి గూడ రాకు. నువ్వొస్తే ఆయన లేచి కుర్చి ఏస్తడు. చాయ్ పెట్టమంటడు. 'మస్తు చేసినవ్ బిడ్డా' అని నీ నెత్తి మీద చెయ్యి పెడ్తడు. అది నేను చూడలేను.

గేటు సీను తీసేస్తవా… సరే.

ఆ… చెప్పు, ఇంటున్న…

తీసేసి, మిగిలింది ఎయ్యొచ్చా అని అడుగుతున్నవా?

…లిస్టుల పేరెక్కింది. ఆఫీసర్ ఊకోడు. నాలుగు రోజులే ఉంది. కొత్తది రాయనీకి టైం లేదు… ఊఁ. అన్ని నిజమే. నీకెన్ని తక్లీఫులు ఉన్నయో పాపం.

ఎయ్యకు అని నేననలే. నీ నాటకం, నీ ఇష్టం. యాస మటుకు నేను దిద్ద… దిద్దనంటే దిద్దనే. తప్పు యాసతోనే ఎయ్యి. ఆ తప్పన్న నీది అనుకుంటరు.

ఒక్క నిమిషం నాగమణమ్మా, అయిపాయె… ఆ, ఇంటున్న, పాట మొదలువెట్టిన్రు. పోతున్న.

లేదే, ఆయన లెవ్వడు. చెప్తనే ఉన్న గదా, లెవ్వనన్నడు. ఇయ్యాల నేను లేస్త… సాక్ష్యం చెప్పనీకే. ఎన్నడు చెప్పలే… ఏం చెప్తనా? టిపిని డబ్బ పట్టుకొని వచ్చిన మనిషిని తెల్వదన్నది నేనే అని చెప్త. దాన్ని పట్టుకొని క్యాంటీన్ల నవ్విచ్చింది గూడ నేనే అని చెప్త. ఆయన మొకం చూసి చెప్త… వింటడో, లేచి బయటికి పోతడో. చెప్పకుంటె మాత్రం రేపు ఆ కంపౌండు గోడ కాడ ఆగడు ఆయన.

…ఏంది?

నీ పేరా?

…గింత చెప్పినంక, నువ్వు అడిగేది గదేనా, అలేఖ్యా? నీ పేరు వస్తదా అని?

…

రాదు. భయపడకు. సాక్ష్యంల ఎవరి పాపం వాళ్లే చెప్పుకుంటరు, పక్కోళ్లది చెప్పరు.

రేపు ఆఫీసుకొస్త. ఫైళ్ల పని ఏమన్న ఉంటే మాట్లాడుదాం. క్యాంటీన్‌కు మాత్రం నన్ను పిలువకు.

…ఉంట. పెట్టేస్తున్న.